యూనిఫాం వేసుకుంటేనే పాలిచ్చే బర్రె

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మా బాపు కాలు ఒకచోట నిలవలేదు. పాతబస్తీ జహనుమాలో మా ఇంటి వెనక రేకుల కొట్టంలో నాలుగు బర్రెలుండేవి. వాటి పాలే మా బతుకు. ఫోన్‌లో నా పేరు పక్కన పాస్ అని కనబడగానే, ఆ సాయంత్రం ప్రతి ఇంటికీ కొలత మీద ఇంకో గిన్నెడు కొసరు పోయమని బాపు అక్కకు చెప్పాడు. పాలవాళ్ల ఇంట్లో సంబరమంటే అదే. మిఠాయి పంచం, కొసరు పోస్తాం.

క్యాన్లు మోసింది అక్క. గల్లీ గల్లీ తిరిగి, గడప గడపకూ కొసరు పోస్తూ, "మా చెల్లె పాసయింది ఖాలా, మస్తు మార్కులొచ్చినయ్" అని గిన్నె పట్టిన ప్రతి పిన్నమ్మకూ చెప్పుకుంటూ వచ్చింది కూడా అక్కే. నేను మాత్రం మంచం మీద కాళ్లు చాపుకుని ఫోన్‌లో స్నేహితురాళ్లతో ముచ్చట్లు పెడుతున్నాను. అక్క తిరిగొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. "నీ పాసు జెప్పి జెప్పి నా గొంతు పోయిందే" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి సీటూ గుంజుకోలేదు. చదివాను, పాసయ్యాను. దానికి ఇంత బాధ ఏమిటని మా అక్కే నన్ను తిడుతుంది. తిట్టనీ. బడి అయిపోయిన సంబరం గురించి ఎవరైనా మాట్లాడితే నేను మాత్రం ఇప్పటికీ అక్కణ్నుంచి లేచి పోతాను.

అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. తను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మ కొట్టంలో జారిపడింది, నడుము పట్టేసింది. "గీ వారం ఒక్కటి ఇంట్ల ఉండు బిడ్డా" అన్నాడు బాపు. ఆ వారం ఇక అయిపోలేదు. బడి మానెయ్యమని ఎవరూ అనలేదు. అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక, ఇక బడికి పొమ్మని కూడా ఎవరూ అనలేదు. మా ఇంట్లో పెద్ద పెద్ద నిర్ణయాలన్నీ అట్లాగే జరుగుతాయి, ఎవరూ తీసుకోకుండానే.

నేను తొమ్మిదిలోకి వచ్చిన ఏడు అక్క ఒక మాట ఎత్తింది. ఓపెన్ స్కూలులో పేరు రాయించుకుని, ఇంట్లోనే చదువుకుని పదో తరగతి పరీక్ష రాయొచ్చట. మా గల్లీలో ఒక కోడలు పిల్ల అట్లాగే రాసిందట. "నీ పది కానియ్యే. గప్పుడు పొద్దటి పని నువ్వు చూసుకో, నేను చదువుకుంట. గప్పుడు నా వంతు" అంది. బాపు తల ఊపాడు. "రాయి బిడ్డా, ఎవరొద్దన్నరు" అంది అమ్మ. నేనైతే ఎగిరి గంతేశాను. నేనే నీకు టీచర్నన్నాను, తప్పు చేస్తే మొట్టికాయలన్నాను. "మొట్టు, చూస్త నీ సంగతి" అంది అక్క.

ఇక మొండిదాని గురించి చెప్పాలి. మా నాలుగు బర్రెల్లో ఎక్కువ పాలిచ్చేది అదే, ఎక్కువ లొల్లి పెట్టేదీ అదే. బర్రె చేతికి మరుగుతుందంటారు మా వాళ్లు. అలవాటైన చెయ్యి, అలవాటైన బట్టల వాసన తగిలితేనే చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దించుతుంది. కొత్తవాళ్లు కూర్చుంటే పాలు ఎగబట్టి నిలబడుతుంది. మొండిదాన్ని మొదటి ఈత నుంచీ పిండింది నేను. పొద్దున్నే పిండి అట్నుంచి అటే బడికి పరుగెత్తాలి కదా, టైం కలిసొస్తుందని ముందే యూనిఫాం వేసుకుని, నడుముకు పాత తువ్వాల చుట్టుకుని కూర్చునేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది. అది నా చేతికి మరగలేదు, నా యూనిఫాంకు మరిగింది.

ఆ సంగతి చివరి పరీక్ష అయిపోయిన మర్నాడు బయటపడింది. ఇక బడి లేదు, యూనిఫాంతో పని లేదు అని హాయిగా నైటీలో వెళ్లి కూర్చున్నాను. దుడ్డెను విడిచాం, పొదుగు కడిగాం, దాణా పెట్టాం. చుక్క పాలు రాలలేదు సరికదా, తోకతో మొహం మీద ఒకటిచ్చింది. అక్క పడీ పడీ నవ్వింది. "దానికి సెలవులని ఎవరు జెప్పిన్రే? పో, యూనిఫాం ఏస్కరా పో" అంది. వేసుకొచ్చాను. తోలులాగా బిగుసుకున్న పొదుగు మెత్తబడి పాలు దిగాయి. ఆ ఎండాకాలమంతా, ఊళ్లో పిల్లలందరూ బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటుంటే, నేను బడి లేని యూనిఫాం వేసుకుని కొట్టంలో కూర్చున్నాను.

అంతలో నాకు సీటు వచ్చింది. ఊరవతల ఆడపిల్లల కాలేజీ. ఉండటం, తినడం అన్నీ అక్కడే. ఆ రోజుల్లో నాకు కలిగిన ఆశను ఇప్పటికీ చిన్నచూపు చూడలేను. ఫలక్‌నుమా స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడితే నన్నే పిలుస్తుందనిపించేది. నర్సునో డాక్టర్నో, ఏదో ఒకటి అయిపోతాను. పేడ వాసన లేని దుప్పటి కప్పుకుంటాను. నాకంటూ ఒక మంచం, ఒక టేబులు ఉంటాయి. పదహారేళ్ల పిల్లకు అంతకన్నా ఏం కావాలి? అద్దంలో నన్ను నేను చూసుకుని నవ్వుకునేదాన్ని, పిచ్చిదానిలాగా.

వంతు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేనే ఎత్తాను. ఎత్తాను గానీ, బ్యాగు సర్దుకున్నాక ఎత్తాను.

సాయంత్రం అక్క నల్లా దగ్గర కూర్చుని క్యాన్లు తోముతోంది. పక్కన నిలబడి, "అక్కా, మరి నీ వంతు?" అన్నాను.

"ఏం వంతే?"

"పది రాస్తనన్నవ్ గద."

మోచేతి దాకా క్యానులో పెట్టిన చెయ్యి బయటికి తియ్యకుండానే, "అది యాడికి పోతది, వచ్చే ఏడు రాస్త. సీటు మళ్లొస్తదా? నువ్వు పో" అంది.

"మొండిదాన్ని ఎవరు పిండుతరు మరి?"

"గదంతా నీకెందుకు ఫికర్? నువ్వు పో అంటున్న గద."

లేదక్కా, ఈ ఏడు నువ్వే రాయి, నేను ఇక్కడే ఏదో ఒక కాలేజీలో చేరతాను అనే మాట నా దగ్గర ఉంది. నాలుక మీదికి రాలేదు. ఇంకొక్కసారైనా అడగొచ్చు, అడగలేదు. పో అనే మాట వినగానే గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆ తేలికదనం ఉంది చూశారూ, అదే ఇవాళ్టికీ నన్ను తింటోంది. వెళ్లినందుకు కాదు, అంత సంతోషంగా వెళ్లినందుకు.

నేను వెళ్లేలోపే మొండిదాన్ని ఇంకొకరి చేతికి అలవాటు చెయ్యబోతే, ఇక తంటా మొదలైంది. బాపు కూర్చుంటే తన్నింది, బకెట్టు సొట్టపోయింది. సూదిమందు వేస్తే పాలు వాటంతటవే దిగుతాయని పక్క గల్లీ పాలాయన సలహా ఇచ్చాడు. బాపుకు కోపం వచ్చింది. "ఆ పాలు పసిపిల్లలకు పొయ్యాల్నా నేను?" అని ఆయన్ని పంపించేశాడు. అప్పుడు అమ్మ చెప్పింది పాత ఉపాయం. "చిన్నదాని బట్టలు ఎవరైనా ఏస్కొని కూసోండ్రి, అదే ఇస్తది." నా బట్టలంటే నా యూనిఫాం. అది పట్టేది ఇంట్లో అక్కకొక్కదానికే.

అక్క లోపలికి వెళ్లి వేసుకొచ్చింది. తెల్ల టాపు, నీలం పైజామా, రెండు భుజాల మీదా పిన్నులు పెట్టిన చున్నీ. చున్నీ మడతలు ఎట్లా పెట్టాలో నన్ను అడగలేదు, సరిగ్గా పెట్టుకుంది. నాకున్న రెండు జతల్లో ఒకటి చిరిగిపోయింది. ఇది చివరి పరీక్ష నాడు వేసుకున్నది. ఆ రోజు సెంటర్ బయట ఆడపిల్లలందరం ఒకరి బట్టల మీద ఒకరం స్కెచ్ పెన్నులతో రాసుకున్నాం. అన్ని బళ్లలో పిల్లలూ చేసే పనే. అక్క వీపు నిండా నా స్నేహితురాళ్ల రాతలే: ఆల్ ది బెస్ట్, మమ్మల్ని మర్చిపోకు, డాక్టరమ్మా జాగ్రత్త.

బాపు చూశాడు. "అరే, అచ్చం బడి పిల్ల లెక్క..." అని అక్కడే ఆగిపోయి, దాణా బకెట్టు ఎత్తుకుని అవతలికి పోయాడు. అమ్మ కూడా ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లింది. అక్క మాత్రం మామూలుగా వెళ్లి మొండిదాని పక్కన కూర్చుంది. అది మెడ తిప్పి ఒకసారి వాసన చూసింది. కాసేపటికి చేపింది. బకెట్టులో పాల ధార చప్పుడు వినగానే నా మనసు కుదుటపడింది. నేను ఇక కాలేజీకి వెళ్లిపోవచ్చు.

వెళ్లాను. మంచం దొరికింది, టేబులు దొరికింది, పేడ వాసన లేని దుప్పటి దొరికింది. చదువు కష్టంగానే ఉన్నా నచ్చింది. పొద్దున్నే గంట కొట్టి స్టడీ అవర్‌కు లేపేవాళ్లు. పిల్లలందరూ వార్డెన్‌ను తిట్టుకుంటూ లేచేవాళ్లు. అదే సమయానికి అక్క నా బట్టలు తొడుక్కుని కొట్టంలోకి వెళుతుంటుందని నాకు గుర్తొచ్చేది. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడేవి కావు కాసేపు. తర్వాత కనబడేవి. తర్వాత బాగానే చదువుకునేదాన్ని. అది ఇంకా సిగ్గు.

బతుకమ్మ సెలవులకు ఇంటికి వచ్చాను. మర్నాడు పొద్దున్నే లేచి కొట్టంలోకి వెళ్లాను. అక్క యూనిఫాంలో ఉంది. ఉతికి ఉతికి వీపు మీద రాతలు వెలిసిపోయాయి, మోచేతి దగ్గర అతుకు పడింది. "లెవ్వక్కా, సెలవులున్నన్ని దినాలు నేను పిండుత, నువ్వు పండుకో" అన్నాను. అక్క లేచింది. నేను కూర్చుని పొదుగు మీద చెయ్యి వేశానో లేదో, మొండిది కాలు ఎత్తింది. బకెట్టు దొర్లింది, నేను పేడలో పడ్డాను.

"నువ్వెవరో దానికి ఎరుకలేదే" అని అక్క నన్ను లేపింది. తనే కూర్చుని పిండటం మొదలుపెట్టింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి తనలో తనే నవ్వుకుని, "ఒక ముచ్చట చెప్త, అమ్మకు చెప్పకు" అంది.

అంతకు కొన్నాళ్ల ముందు ఒక పొద్దున ఆలస్యమై, అక్క యూనిఫాం మార్చుకోకుండానే పాలు పోయడానికి వెళ్లిందట. మా బడి ముందు నుంచి వస్తుంటే గంట కొట్టారు. గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ అక్కను చూసి, "ఏ పిల్లా, ప్రేయర్ షురూ అయింది, జల్ది నడువ్" అని గదమాయించాడు.

"నేను గాదు తాతా అందామనుకున్న. క్యాన్లు గోడ పొంటి పెట్టి లోపలికి పోయిన."

"పోయినవా?"

"పోయిన. ఆఖరి లైన్ల నిలబడ్డ. చెయ్యి జాపి ప్రతిజ్ఞ మొత్తం చెప్పిన, ఒక్క మాట మర్చిపోలే. పక్కపిల్ల ఏ సెక్షన్ అనడిగింది. బీ అన్న." ఇక నవ్వు ఆపుకోలేక, పిండటం ఆపేసి, మొండిదాని కడుపుకు తల ఆనించింది.

"తర్వాత?"

"తర్వాతేముంది? లైన్లన్నీ క్లాసులల్లకు పోయినయ్. నేను యాడికి పోవాలె? ఎనక నుంచి బయటికొచ్చిన. ఆఖరింటి ఖాలాకు పాలు లేటయినయ్, తిట్టింది."

నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది, దాని వెంటే కోపమొచ్చింది. నేరుగా బాపు దగ్గరికి వెళ్లి లొల్లి పెట్టాను. "అక్కను చదివిస్తవా లేదా?" అని అరిచాను. బాపు బిత్తరపోయాడు. "నేనొద్దన్ననా బిడ్డా?" అన్నాడు. నిజమే, ఆయన వద్దనలేదు. అమ్మా వద్దనలేదు. నేనూ వద్దనలేదు.

ఆ రోజే అక్కను తీసుకుని యాకుత్‌పురాలో ఓపెన్ స్కూలు క్లాసులు జరిగే బడికి వెళ్లాను. సెలవులైనా ఆ పని చూసే సార్ కూర్చుని ఉన్నాడు. గడువు ఇంకా ఉందన్నాడు. అక్క బర్రెల సంగతి, పొద్దటి పాల సంగతి చెప్పబోతే, "పొద్దటి పాలకు దీనికి ఏం సంబంధమమ్మా? ఆదివారాలు వస్తే సాలు" అన్నాడు.

ఆదివారాలు. నేను ఉంటే గానీ కుదరదని, నేను పోతే తన వంతు పోతుందని, ఆ ఇంట్లో అందరం అనుకుంటూనే ఉన్నాం. నేను బ్యాగు సర్దుకునే ముందు ఒక్క పూట అక్కతో ఆటో ఎక్కి ఉంటే సరిపోయేది. నేను మానుకోవలసింది కూడా ఏమీ లేదు. అక్క పేరు రాయించుకుంది. తర్వాత పరీక్ష రాసింది, పాసైంది కూడా. అప్పటికి నేను కాలేజీ ముగించి నర్సింగ్‌లో చేరాను, ఆ రోజు ఫోన్‌లో తన ఫలితం నేనే చూసి చెప్పాను. అయినా నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ ఫలితం కాదు, యాకుత్‌పురా నుంచి తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నం.

షేర్ ఆటోలో ఇద్దరం ఒక మూలకు ఒదిగి కూర్చున్నాం. అక్క మొహం వెలిగిపోతోంది.

"పుస్తకాలు వాళ్లే ఇస్తరట" అంది.

"ఇస్తరక్కా."

"క్లాసుల బెంచీలుంటయా, కింద కూసోవాల్నా?"

"బెంచీలే. బడిలనే గద."

కొంచెం దూరం పోయాక నా చెవి దగ్గరికి వంగి, పక్కవాళ్లకు వినబడకుండా, "మరి యూనిఫాం?" అని అడిగింది.

"ఉండదక్కా. నీ ఇష్టమున్న బట్టలల్ల పోవచ్చు."

"గట్లనా" అంది. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. జహనుమా మలుపు దగ్గర ఆటో ఆగాక, దిగుతూ, నాకు కాదన్నట్టు మెల్లగా అంది. "ఉంటే మంచిగుంటుండె."