కుడి పక్క పాపిడి

ఫోను మోగితే తెర మీద ఆమె పేరే వచ్చింది. 'పార్లర్ అక్క' అని నేను పెట్టుకున్న పేరు. ఉప్పల్‌లో మా ఆఫీసుకు చేరి, అప్పుడే తలకు కట్టుకున్న చున్నీ విప్పుతున్నాను. "అక్కా, ఈ ఆదివారం తప్పకుండా వస్తాను, తిట్టకు" అన్నాను, హలో కూడా అనకుండా. అవతల నుంచి ఎవరో ముక్కు చీదిన చప్పుడు. తర్వాత ఒక సన్నటి గొంతు, "నేను అక్క చెల్లెను. అక్క పోయింది. పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంటనే పక్కకు ఒరిగింది. దవాఖానకు తీస్కపొయ్యేదాక గుడ ఆగలే" అంది.

ఆమె ఫోనులోంచే ఆమె చావు కబురు విన్నాను. ఆ పేరు నా ఫోనులో ఇంకా అలాగే ఉంది. తీసేద్దామని వేలు పెట్టడం, వెనక్కి తీసుకోవడం. అది మోగుతుందేమోనని ఒక భయం, మోగదు కదా అని ఒక దిగులు.

ఆమె ఎవరో మీకు చెప్పాలి. నాచారంలో మెయిన్ రోడ్డు మీంచి ఫ్యాక్టరీల వైపు తిరిగే గల్లీలో, కిరాణా కొట్టుకూ జిరాక్సు షాపుకూ మధ్య ఒక షట్టరు గది, అదే ఆమె పార్లర్. లోపల గుండ్రంగా తిరిగే కుర్చీ ఒక్కటి, దాని ముందు ఒక పెద్ద అద్దం. ఎప్పుడో మూతబడిన కటింగ్ షాపు నుంచి రెండూ కలిపి కొన్నవి. అద్దం ఒక మూల మెరుగుపోయి నల్ల మచ్చలు పడ్డాయి. వెనక గదిలోనే కాపురం. ఆమె భర్తను నేను బావా అనేదాన్ని. దగ్గర్లోని ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ, నోట్లో నాలుక లేని మనిషి. పిల్లలు లేరు. నాకన్నా ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవారు.

నేను కృష్ణా జిల్లా నుంచి పెళ్లయి వచ్చిన కొత్తలో, రెండు వేల దశకం మొదట్లో, ఒక ఇంటర్వ్యూకి పోతూ కనుబొమ్మలు సరిచేయించుకుందామని ఆ గుమ్మం పరదా తీశాను. ముఖానికి పౌడరు దట్టంగా పట్టించుకుని మరీ వెళ్లాను. కుర్చీలో కూర్చోగానే అక్క నన్ను అద్దంలో ఎగాదిగా చూసింది.

"ఏంది చెల్లె, మొకం ఒకల దగ్గర, మెడ ఒకల దగ్గర తెచ్చుకున్నవా?"

నాకు ఒళ్లు మండింది. లేచిపోబోయాను. భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, కొబ్బరి నూనెలో ముంచిన దూదితో మొత్తం తుడిచేసి, వెళ్లి కడుక్కురమ్మంది. తడి పూర్తిగా ఆరకముందే కొంచెం క్రీము రాసింది. తర్వాత తన దగ్గరున్న ఫౌండేషన్ సీసాల్లోంచి దవడ కింద, మెడకు దగ్గరగా, ఒక్కో రంగుకు ఒక చిన్న గీత పెట్టి "దర్వాజ కాడికి నడువు" అంది. ట్యూబులైటు కింద అన్ని రంగులూ అబద్ధాలే చెబుతాయని ఆమె నమ్మకం. గుమ్మంలో వెలుతురుకు నిలబెట్టి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఏ గీత చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోయిందో అదే నా రంగు. అది కూడా ముఖమంతా కాదు, ముక్కు పక్కన, కళ్ల కింద, మచ్చలున్న చోట. కంటికి సన్నగా కాటుక, పెదవికి వేలి కొసతో అద్దిన రంగు, బొట్టు. అంతే.

"మేకప్ ఏసుకుంటే మనిషి మారొద్దు. ఇంటికి పోతే ఇంట్లోళ్లు గుర్తువట్టాలె. గంతే."

ఉద్యోగం వచ్చింది. మేకప్ వల్ల అని నేననను. కానీ ఆ ఇంటర్వ్యూ గదిలో ఎదుటివాళ్లు నా ముఖంలోకి చూస్తుంటే మొదటిసారి తల దించుకోవాలనిపించలేదు.

జుట్టు దగ్గర ఆమె ఇంకా కఠినం. మా బోరు నీళ్లకు నా వెంట్రుకలు దువ్వెన నిండా వచ్చేవి. నేను షాంపూల మీద షాంపూలు మార్చాను. "షాంపూ ఏం జేస్తది పాపం? బోరు నీళ్ల ఉప్పంత నెత్తిల వెట్టుకోని తిరుగుతున్నవ్" అంది. నల్లా నీళ్లు, అంటే మంచినీళ్ల కుళాయివి, మాకు రోజు విడిచి రోజు వచ్చేవి. బోరు నీళ్లతో తల రుద్దుకున్నా సరే, చివర పోసుకోవడానికి ఒక బకెట్ నల్లా నీళ్లు దాచుకోమంది. నూనె వెంట్రుకలకు కాదు, కుదుళ్లకు పెట్టాలి, గోరువెచ్చగా, తలస్నానానికి కాసేపు ముందు. రాత్రంతా నానబెట్టుకుంటే తాగేది దిండేనట. అన్నిటికన్నా పెద్ద నేరం తడి తల దువ్వడం.

"తడి మీద ఎంటిక సాగుతది, సాగి తెగుతది. జర ఆగు. ఆరినంక దువ్వు. కిందికెల్లి చిక్కు తీసుకుంట పైకి రా."

పాత నూలు చీర ముక్కతో ఒత్తాలి తప్ప తువ్వాలుతో పటపటా కొట్టకూడదు. నేను ఆఫీసుకు ఆలస్యమవుతోందని గింజుకుంటుంటే వెనక నిలబడి నింపాదిగా ఒత్తేది. మెట్రో పనులు మొదలై ఉప్పల్ రోడ్డంతా తవ్వేశాక, నూనె తలతో ఆ దుమ్ములోకి పోవద్దనీ, చున్నీ కట్టుకోకుండా బస్సెక్కితే కాళ్లు విరగ్గొడతాననీ హుకుం. అలా కట్టుకున్న చున్నీయే ఆ ఫోను వచ్చినప్పుడు నేను విప్పుతున్నది.

ఆమె దేవతేమీ కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. గల్లీలో ఎవరింట్లో ఏ కూర వండారో ఆమెకు తెలియాల్సిందే. అందరినీ జుట్టుకేసే నల్ల రంగు పొట్లాలు వాడొద్దని బెదిరించి, తను మాత్రం అవే వాడేది. అదీ తలంతా కాదు. పాపిడి వెంట, చెవుల పక్కన మాత్రమే. నేను పట్టుకుని అడిగితే సిగ్గుపడకుండా నవ్వింది. "కనవడే కాడ నల్లగుంటె సాలు. లోపట ఎవలు సూస్తరు?"

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఒకసారి బంద్ నాడే ఒక పిల్ల పెళ్లి. షట్టరు సగం దించి లోపల పెళ్లికూతుర్ని తయారు చేస్తోంది. నేను పిన్నులు అందిస్తున్నాను. పిల్ల తల్లి "ఇంకో పూత ఎయ్యి, జర తెల్లగ కొట్టాలె" అని ఒకటే పోరు. అక్క బ్రష్షు కింద పెట్టేసింది. "ఏస్త. రేపు మొకం కడుక్కున్నంక పిల్లగాడు 'ఇదెవలు' అంటే నువ్వొచ్చి చెప్తవా మల్ల?" పెళ్లికూతురు పగలబడి నవ్వింది, కాటుక చెదిరింది. అక్క తిట్టుకుంటూనే మళ్లీ దిద్దింది.

ఇవన్నీ చెబుతున్నానా, ఒక సంగతి మాత్రం అప్పట్లో నాకు తట్టలేదు. ఆమె ఎప్పుడూ నా ఎదుటికి వచ్చి మాట్లాడలేదు. కుర్చీ వెనకే, నా కుడి భుజం దగ్గర నిలబడి, అద్దంలో నా కళ్లలోకి చూస్తూ మాట్లాడేది. సలహా అక్కడే, తిట్టు అక్కడే. మా అమ్మ పోయి నేను ఊరి నుంచి తిరిగి వచ్చినప్పుడు, ఏమీ అడగకుండా తలకు నూనె పెడుతూ ఏడ్చింది కూడా అద్దంలోనే. బయట చూడలేదని కాదు. బయట ముడి చుట్టి, కొంగు కప్పుకుని, ఎక్కడికో పరుగు మీద ఉండేది. నాకు తెలిసిన అక్క అద్దంలో అక్క. పాపిడి కుడి పక్క, పై పెదవి మీద పుట్టుమచ్చా కుడి పక్కే. అద్దంలో ఆ రెండూ నా కుడి చేతి వైపే కనబడేవి.

ఆ కబురు విన్న రోజు నేను నేరుగా పార్లర్‌కు పోలేదు. ముందు ఇంటికి వెళ్లి నల్లా నీళ్ల బిందె ఎత్తుకుని వెళ్లాను. రాష్ట్రం వచ్చిన సంబరానికి కట్టిన తోరణాలు గల్లీలో ఇంకా వేలాడుతున్నాయి. షట్టరు పూర్తిగా పైకెత్తి ఉంది. ఎదురింటి పెద్దమ్మ నన్ను చూసి, "నీళ్లు మోస్కొస్తున్నవేందమ్మా? ఈడ లేవా?" అంది. "బోరు నీళ్లు కదా పెద్దమ్మా. తలకు చివర్లో ఇవి పోయండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. చీరలు అడ్డం పట్టి స్నానం చేయించి, చివర ఆ బిందె ఆమె తల మీద పోశారు.

పుట్టింటి చీర కట్టి, కాసేపటి కోసం ఆమెను తన కుర్చీలోనే కూర్చోబెట్టారు. కుర్చీ వీధి వైపు తిప్పి ఉంది. చెల్లెలు పక్క నుంచి భుజాలు పట్టుకుంది. అద్దానికి ఎవరో పాత చీర కప్పారు. "నువ్వే దువ్వు. నీ చెయ్యయితే అక్క ఏమనది" అంది చెల్లెలు.

తల తడిగా ఉంది. నేను నూలు గుడ్డ అడిగి ఒత్తడం మొదలుపెట్టాను. బయట నుంచి మగవాళ్లు "జల్ది కానియ్యుండ్రి, పొద్దువోతుంది" అన్నారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ గొంతు, నాదే. "జర ఆగుండ్రి. తల తడి ఉంది." నేను ఎన్నడూ అలా మాట్లాడను. మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. పెద్దమ్మ నా వైపు విచిత్రంగా చూసింది. బయటివాళ్లు ఆగారు.

ఆరాక, ఎదురుగా నిలబడి చిక్కు తీసి, పాపిడి తీశాను. నాకు గుర్తున్న వైపే, నా కుడి చేతి వైపు. తెల్లటి గీత ఒకటి నడినెత్తి దాకా బయటపడింది.

"అయ్యో, ఇంత నెరిసిందా!" అంది పెద్దమ్మ.

ఎవరో పూసిన పౌడరు తడి దూదితో తుడిచాను. కాటుక పెట్టాను. బొట్టు పెట్టాను. ఊహూఁ. ముఖం చక్కగానే ఉంది, కానీ ఎవరిదో. చివరి చూపుకు బావను పిలిచారు. గుమ్మంలో నిలబడి ఒకసారి చూసి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఎవలో తీరుగున్నది" అన్నాడు, చాలా మెల్లగా.

ఇంట్లోవాళ్లు గుర్తుపట్టాలి అన్న మనిషిని, ఇంట్లోవాడు గుర్తుపట్టకుండా చేసి పంపిస్తున్నాను. మళ్లీ అక్కడే దువ్వాను. బొట్టు పెద్దది చేశాను. చేసిన కొద్దీ ఆమె ఇంకా దూరం పోతోంది. ఎదురుగా కాక, ఎప్పటిలా ఒక్కసారి చూస్తే చాలు అనిపించింది. వెనక్కి వెళ్లి అద్దం మీది చీర పట్టుకున్నాను.

పెద్దమ్మ అరిచింది. "వద్దమ్మా! సచ్చినోళ్లకు అద్దం సూపియ్యరు."

"ఆమెదే గదా అద్దం" అన్నాడు బావ. "తియ్యనియ్యి."

చీర లాగి, కుర్చీ తిప్పాను. మేము ఇన్నేళ్లూ ఉన్నట్టే ఉన్నాం, చోట్లు మాత్రం మారాయి. ఆమె కుర్చీలో, నేను వెనక. అద్దంలో చూడగానే తెలిసింది. పుట్టుమచ్చ నా కుడి చేతి వైపు ఉంది, పాపిడి ఎడమన ఉంది. ఎదురుగా నిలబడితే నా కుడి ఆమెకు ఎడమ అవుతుందన్న చిన్న సంగతి, ఇన్నేళ్లు అద్దంలోనే చూసిన నాకు తట్టలేదు.

దువ్వెన కుడి పక్క పెట్టాను. నేను తీయనే లేదు, ఆ జుట్టే తనకు అలవాటైన దారిలో విడిపోయింది. ఆ గీత పొడవునా నల్లగా, ఆమె ఆ వారమే వేసుకున్న రంగు. తెల్లదంతా లోపలికి పోయింది. అద్దంలో అక్క వచ్చి కూర్చుంది. ఒక్క క్షణం నన్ను చూస్తుందనుకున్నాను. చూడలేదు. ఆ కళ్లు మూసుకుని ఉండటం ఆ అద్దంలో నేనెన్నడూ చూడలేదు. ఆ ముఖం నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

కుర్చీని మళ్లీ దర్వాజ వైపు, వెలుతురులోకి తిప్పాను. బావ దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"ఇగో, ఇప్పుడొచ్చింది" అన్నాడు. పొద్దున్నుంచి కంటనీరు పెట్టని ఆ మనిషి, ఆమె మోకాళ్ల మీద తల పెట్టి గట్టిగా ఏడ్చాడు.

ఆమె నాకిచ్చింది చిన్న విషయాలే. అవి లేకుండా నాకు ఒక్క రోజు గడవదు. పడుకునే ముందు కాటుక తీయడానికి బద్ధకిస్తే వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టుంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆ షట్టరు ముందు నుంచి నడుస్తుంటే కొబ్బరి నూనె వాసన వస్తుంది. అది మూసేసి ఉందని తెలిసినా అడుగు నెమ్మదిస్తుంది.

మొన్న పొద్దున తలస్నానం చేసి అద్దం ముందు కూర్చున్నాను. మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగి, "ఏంటి ఈ మధ్య, అద్దంలో సగమే కనబడేలా కూర్చుంటున్నావు?" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. కుర్చీ ఎడమకు జరిగి ఉంది. అద్దంలో నా కుడి భుజం వెనక, ఒక మనిషి నిలబడేంత ఖాళీ. ఎప్పట్నుంచి అలా కూర్చుంటున్నానో తెలియదు. కుర్చీ జరపబోయి ఊరుకున్నాను. దువ్వెన చేతిలోనే ఉంది. తల ఇంకా తడిగా ఉంది. ఆరేదాకా అలాగే కూర్చున్నాను.