కుట్టుపనావిడ అగ్గిపుల్లలు

పాత కాగితాలు భద్రపరిచే ఆ ఆఫీసులో ఒకావిణ్ణి అందరూ కాలుగాలిన పిల్లి అనేవాళ్ళు. కుర్చీలో కూర్చున్నా కాలు ఆడుతూనే ఉండేది. ఎప్పుడో పోయినవాళ్ళ డైరీలు చదివి కంప్యూటర్లోకి ఎక్కించడం ఆవిడ పని. నెల పట్టే పుస్తకాన్ని వారంలో అవగొట్టేది. ఆ వేగం చూసే ఏటేటా కాంట్రాక్టు పొడిగించేవాళ్ళు.

ఈసారి చేతికొచ్చినవి డెబ్భై ఏళ్ళ కిందట ఒక కుట్టుపనావిడ రాసుకున్న మూడు నోటుబుక్కులు. ఎవరి చొక్కా బిగుతైంది, వదిన ఏ మాట అంది, అన్నీ ఉన్నాయి. కాకపోతే ఏ రోజు చూసినా మొదటి వరస ఒకటే: పొయ్యి అంటుకోవడానికి ఎన్ని అగ్గిపుల్లలు పట్టాయో. ఈ చాదస్తం ఎవరిక్కావాలి అనుకుని మన పిల్లి ఆ వరసలన్నీ ఎగరగొట్టేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ నోటుబుక్కులు పుస్తకంగా అచ్చుకు వెళ్ళాల్సిన రోజు పొద్దున మన పిల్లి వాళ్ళింట్లో లైటరు పాడైంది. అత్తగారు పొయ్యి దగ్గర నిలబడి పుల్ల మీద పుల్ల గీస్తోంది.

"ఒక్కదానితో అయ్యే పనికి నాలుగు తగలేశారేంటత్తయ్యా?"

"చెయ్యి నా మాట వింటే ఒకటే చాలును. వణుకుతుంటే ఏం చెయ్యను?"

వేసుకోబోతున్న చెప్పు కోడలి చేతిలోనే ఉండిపోయింది. కుట్టుపనావిడ గురించి పుస్తకం సంపాదకుడు ముందుమాటలో రాసిన వాక్యం గుర్తొచ్చింది: 'వదినతో గొడవపడి, పంతం కొద్దీ సూది వదిలేసింది.'

బస్సు సరిగ్గా ఆగకముందే దిగి, ఆఫీసుకు పరుగెత్తి, నోటుబుక్కులు తిరగేసింది. మొదటి ఏడాది రోజూ ఒకటి. రెండో ఏడాది చివర్లో మూడు, నాలుగు. కుట్టు మానేసిన వారం తొమ్మిది. వదినతో మాటామాటా వచ్చింది కూడా ఆ వారమే. సంపాదకుడికి కనిపించింది అదొక్కటే.

చెప్తే కాంట్రాక్టు పోవచ్చు. చెప్పకపోతే నోటుబుక్కులు బీరువాలోకి వెళ్ళిపోతాయి, కుట్టుపనావిడ ఎప్పటికీ పొగరుబోతుగానే మిగిలిపోతుంది. సంపాదకుడి గది ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, నాలుగోసారి లోపలికి వెళ్ళింది.

"సార్, కొన్ని వరసలు వదిలేశాను."

"ఎన్ని?"

"వెయ్యి దాకా."

సంపాదకుడు కళ్ళజోడు తీశాడు. "చదవకుండానే ఎక్కించేశావా?"

"చదివాను సార్. చదివే వదిలేశాను."

ఆవిడ చూపించిన పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. తొమ్మిది పుల్లల దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత ప్రెస్సుకు ఫోన్ చేసి వారం గడువడిగాడు.

"ముందుమాట నాది, నేను దిద్దుకుంటాను. పుల్లలు నువ్వు తీసేసినవి, ఒక్కొక్కటీ నువ్వే పెట్టు. కాంట్రాక్టు సంగతి తర్వాత చూద్దాం."

కూర్చుంది. పుల్ల ఒకటి. పుల్ల ఒకటి. కాలు ఆడుతూనే ఉంది. మధ్యాహ్నానికి ఇంకా మొదటి ఏడాది దాటలేదు. లేచి ఇంటికి ఫోన్ చేసింది.

"మళ్ళీ పొయ్యి వెలిగించారా అత్తయ్యా?"

"వంటా అయింది, తినడమూ అయింది."

"ఎన్ని పుల్లలు పట్టాయి?"

అవతల గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగింది.

"ఒకటే" అంది అత్తగారు.