కిరోసిన్ గిన్నెలో రేకులు

తాళాలాయన వేళ్ళు మొద్దుబారుతున్న సంగతి ఆయన భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడకైనా ఆయన చెబితే తెలిసింది కాదు. ఒకరోజు పొయ్యి మీది పాలగిన్నెని వట్టి చేత్తో దించి, తాపీగా గట్టు మీద పెట్టాడు. ఆవిడ చూసేసరికి వేళ్ళ చివర బొబ్బలు లేచి ఉన్నాయి. ఆయన మొహంలో నొప్పి జాడే లేదు. చక్కెర జబ్బు వల్ల నరాలు చచ్చుబడుతున్నాయనీ, పోయిన స్పర్శ తిరిగి రాదనీ, ఉన్నదైనా కాపాడుకోమనీ డాక్టరు చెప్పాడు. ఎలా కాపాడుకోవాలో ఆయనకి తోచలేదు. వేళ్ళని పెట్టెలో పెట్టి తాళం వేసుకోలేడు కదా.

ఆయన పనంతా ఆ వేళ్ళలోనే ఉండేది. బండి తలుపు తాళంలో చెవి దూరే ఇత్తడి గొట్టం ఉంటుంది. దానిలో చీలికలు, ఒక్కో చీలికలో గోరంత రేకు. చూపుకి అన్నీ ఒకటే. ఒక్కో రేకుకీ కన్నం మాత్రం వెంట్రుకవాసి ఎత్తులోనో పల్లంలోనో ఉంటుంది. ఏ రేకు చోటు దానిదే; తారుమారైతే చెవి తిరగదు. అందుకే మిగతావాళ్ళు ఊడదీసిన వరసలోనే గుడ్డ మీద పేర్చుకుంటారు. ఈయన మాత్రం అన్నిటినీ కిరోసిన్ గిన్నెలో గుమ్మరించి, కడిగి, బొటనవేలితో తడిమి దేని చోట దాన్ని పెట్టేవాడు. "వరస పెట్టుకోవడం నమ్మకం లేనివాళ్ళ పని" అనేవాడు.

ఆ మధ్యాహ్నం బావమరిది తన పాత పికప్ బండిని తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. నీళ్ళ క్యాన్లు వేసి తిరిగే బండి. వెనక అద్దం పగిలి, అట్టముక్క అంటించి ఉంది.

"బావా, దీన్ని ఇవాళ ఎలాగైనా చూడాల్సిందే."

తాళాలాయన చెవి పెట్టి చూశాడు. సగం తిరిగి బిగుసుకుపోయింది. కన్నం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఏం పోశావురా ఇందులో?"

"బిగుసుకున్నప్పుడల్లా కాస్త వంటనూనె..."

"ఇంకేం, నాలుగు ఆవాలు కూడా వేయాల్సింది! నూనెకి దుమ్ము అంటుకుని లోపలంతా జిగురైపోయింది. తాళానికి నూనె ఎవడు పోయమన్నాడు? పెన్సిల్ ములుకు పొడి చాలు."

బావమరిది నవ్వలేదు. "మొన్న క్యాన్లు దించడానికి వెళ్తూ పాపని లోపల కూర్చోబెట్టి తాళం వేశాను. తిరిగొచ్చేసరికి రెండు తలుపులకీ చెవి తిరగలేదు. ఎండ మండిపోతోంది. లోపలి పిడి లాగమంటే దాని చేతికి బలం చాలదు. అద్దం మీద కొడుతూ నన్నే చూస్తోంది బావా. వెనక అద్దం పగలగొట్టి తీశాను. అప్పటికే ఒళ్ళు కాలిపోతోంది దానికి. ఇప్పుడు బండి చప్పుడు వింటేనే వాళ్ళమ్మ కొంగు పట్టుకుంటోంది."

తాళాలాయన పనిముట్ల సంచీ అందుకున్నాడు. తలుపు లోపలి అట్ట విప్పి, గొట్టం బయటికి లాగి, రేకులన్నీ గిన్నెలో దులిపాడు. చెయ్యి తన అలవాటు ప్రకారం పోయింది. దులిపాక గానీ ఏం చేశాడో ఆయనకి తట్టలేదు.

నూనె జిడ్డు వదిలేదాకా కడిగాడు. ఒక రేకు తీసి బొటనవేలి కింద పెట్టుకున్నాడు. అక్కడ ఏమీ లేనట్టే ఉంది. గట్టిగా నొక్కాడు. ఇంకోటి తీశాడు. అదీ అంతే. తోచిన వరసలో బిగించి చెవి పెడితే కదల్లేదు. విప్పి మళ్ళీ మార్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని వెలుతురుకి పట్టి చూశాడు. ఆ తేడా చూపుకి అందేదైతే ఇన్నేళ్ళూ వేలితో ఎందుకు చూస్తాడు?

"నేను చూసి చెప్పనా బావా?" అంటూ బావమరిది వంగాడు. కాసేపు చూసి, "అన్నీ ఒక తల్లి బిడ్డల్లాగే ఉన్నాయి" అన్నాడు.

"నీకు కనపడితే నా కొలువు నీకే ఇచ్చేవాణ్ణి, జరుగు."

గుమ్మంలోంచి భార్య చూస్తోంది. "ఏవండీ, కాసేపు ఆగి చేద్దురుగాని."

"ఆగితే వస్తుందా?" అన్నాడు. ఆవిడ తమ్ముడికి ఆ మాట అర్థం కాలేదు. ఆవిడకి అర్థమైంది.

ఎండ గోడ మీదికి ఎక్కింది. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక రేకు జారి కింద పడింది. అది చేతిలోంచి పోయిన సంగతి కూడా ఆయనకి బావమరిది చెప్పాకే తెలిసింది. దాన్ని వెతకలేదు. మిగతావాటినీ పక్కకి నెట్టేసి, ఖాళీ గొట్టాన్ని తలుపులో పెట్టి బిగించాడు.

"తిప్పు."

చెవి వెన్నలో దిగినట్టు దిగి, తిరిగింది. బావమరిది మొహం వెలిగిపోయింది.

"సంబరపడకు. లోపల ఏమీ లేదు. నీ చెవే అక్కర్లేదు, చెంచా కాడ పెట్టినా తెరుచుకుంటుంది. ఇది తాళం కాదురా."

బావమరిది తన ఇంటి తాళంచెవి పెట్టి చూశాడు, తెరుచుకుంది. గోళ్ళు తీసుకునే కత్తెర మొన పెట్టాడు, తెరుచుకుంది. పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"నాక్కావలసింది ఇదే కదా బావా! దొంగ పట్టుకుపోతే క్యాన్లే పోతాయి. దారిన పోయేవాడైనా నా పిల్లని బయటికి తీయగలడు. ఆ పక్క తలుపు కూడా ఇలాగే చేసిపెట్టు."

తన చేతుల్లోంచి వెళ్ళిన తాళాల్లో పరాయి చెవికి తెరుచుకున్నది అంతవరకూ ఒక్కటీ లేదు. తాళాలాయన లేచి రెండో తలుపు వైపు నడిచాడు. ఈసారి వెతకాల్సిందీ తడమాల్సిందీ ఏమీ లేదు. ఊడబీకడం ఎవరికైనా చేతనవుతుంది.

"ఇది చిటికెలో అయిపోయిందే! చూశావా అక్కా, బావ చెయ్యి ఎంత తిరిగిందో!"

ఆవిడ మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఔనన్నట్టు తలూపి, తలుపు అట్ట మరలు బిగించడం మొదలుపెట్టాడు. మర బిగిసిందో లేదో చేతికి తెలియలేదు. అది బిగిసి ఆగిపోయిన తరవాత కూడా తిప్పుతూనే ఉన్నాడు.