మూడో ఆట అవసరమైతే

ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. బాస్కెట్‌బాల్ హాలు తాళాలన్నీ నడుముకి కట్టుకుని తిరుగుతాడు కాబట్టి తాళాలాయన. ఆడపిల్లల టీముకి తాళాల బాబాయ్. ఆ టీము కెప్టెన్ మాత్రం నాన్నా అంటుంది, కన్నకూతురు కాబట్టి. పొద్దున్నే తలుపులు తీయడం, చెక్క నేల తుడవడం, ఆట మధ్యలో ఎవరైనా జారిపడితే ఆ చెమట మరక మీదికి కర్రగుడ్డతో పరిగెత్తడం ఆయన ఉద్యోగం. చెప్పులతో ఆ నేల మీద కాలు పెడితే మేయరునైనా వదలడు. ఒకసారి నిజంగానే వదల్లేదు. పాపం ఆ పెద్దమనిషి చిరుగుల మేజోళ్ళతో నిలబడి ఉపన్యాసం ఇచ్చుకున్నాడు.

మంచివాడే, కానీ దేన్నయినా ముందే తేల్చేస్తాడు. కూర రంగు చూసి ఉప్పు చాల్లేదంటాడు. సినిమా మొదటి సీను చూసి ముగింపు చెప్పేస్తాడు. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా, ఆయన్ని పాడుచేసింది అదే.

"అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా తిరగేస్తామా? ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ?" అనేవాడు.

"మెతుకు పట్టుకోవాలన్నా ముందు మూత తియ్యాలి. మీకు ఆ ఓపిక కూడా లేదు" అనేది భార్య.

ఆ ఏడు పిల్లలు ఎలాగో పోటీల చివరిదాకా వచ్చారు. పక్క ఊరి టీముతో మూడు ఆటలు, రెండు గెలిచినవాళ్ళకి కప్పు. మొదటిది మన హాల్లో, రెండోది వాళ్ళ హాల్లో. చెరొకటీ గెలిస్తే మూడోది మళ్ళీ మన దగ్గర. ఆఫీసు గదిలోని నల్లబల్ల మీద "శనివారం: మూడో ఆట, అవసరమైతే" అని తాళాలాయనే సుద్దముక్కతో రాశాడు. హాలు ఏ రోజు ఖాళీయో పైఆఫీసువాళ్ళు కూడా ఆయనకే ఫోన్ చేసి అడుగుతారు. ఆ బల్ల మీద ఉన్నదే ఖాయం.

మొదటి ఆట సంగతి చెప్పకపోతేనే మంచిది, కానీ చెప్పక తప్పదు. ఎనభై ఒకటికి ఇరవై ఆరు. మనవాళ్ళు విసిరిన ప్రతి బంతీ అడిగి తెచ్చుకున్నట్టు అవతలివాళ్ళ చేతుల్లోనే పడింది. ఎవరూ అడ్డురాని ఫ్రీత్రో వేయడానికి కెప్టెన్ నిలబడితే బంతి రింగుని తాకను కూడా తాకలేదు. హాలంతా నవ్వు. "ఆ కెప్టెన్ ఎవరండీ, బంతి ఇదే మొదటిసారి చూడ్డమా?" అన్నాడు పక్కనున్న ఓ పెద్దమనిషి. తాళాలాయన వంగి, పొడిగా ఉన్న నేలనే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. ఆఖరి విజిల్ మోగీమోగకముందే స్కోరుబోర్డు ఆపేశాడు. కూతుర్ని చూసి తలవంపులుగా అనిపించింది. ఇంకోసారి ఆ నవ్వు ఈ హాల్లో వినిపించకూడదనుకున్నాడు.

మర్నాడు పొద్దున తివాచీల వ్యాపారి వచ్చాడు.

"శనివారం హాలు ఖాళీయేనా అన్నా? తగ్గింపు ధరల అమ్మకం పెట్టుకుందామని."

తాళాలాయన బల్ల వైపు చూశాడు. "రెండో ఆటతోనే సరి. మూడోదాకా ఎక్కడొస్తుందిలే" అన్నాడు. తడిగుడ్డ తీసుకుని ఆ రాత తుడిచేశాడు. నిజం చెప్పొద్దూ, తుడుస్తుంటే ప్రాణం కాస్త తేలికపడింది.

రెండో ఆటకి ఆయన వెళ్ళలేదు. వెళ్ళి చూసేదేముందని. సాయంత్రం వీధి మొదట్నించీ బస్సు హారన్ మోత. కూతురు చెప్పులు ఎటో విసిరేసి లోపలికి దూకింది.

"నాన్నా, గెలిచాం! రెండు పాయింట్లతో! శనివారం మన హాల్లోనే!"

ఆయన "ఓహో" అన్నాడు. కప్పు వచ్చినంత వార్త చెప్తే ఓహో ఏమిటని భార్య విడ్డూరంగా చూసింది.

తెల్లారగానే వ్యాపారి దగ్గరికి పరిగెత్తి కాళ్ళావేళ్ళా పడ్డాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. "కరపత్రాలు ఊరంతా పంచేశానన్నా, సరుకు లారీ దిగిపోయింది. నువ్వు ఖాళీ అంటేనే కదా?" అన్నాడు వ్యాపారి. అందులో అబద్ధం లేదు. హాలు లేకపోతే ఆట అవతలివాళ్ళ హాల్లో పెట్టాలని పోటీల నిబంధన. కోచ్ అమ్మగారు వచ్చి ఇలా ఎలా జరిగిందని అడిగితే, "పైఆఫీసులో ఏదో పొరపాటు" అని గొణిగాడు. గోడ వైపు చూస్తూ గొణిగాడు.

ఆ మాట ఇంటికి వచ్చేసరికి అగ్గి అయింది.

"నేను రేపు పైఆఫీసుకి వెళ్తున్నా" అంది కూతురు. "మా నాన్నని అడక్కుండా హాలు ఎవడిమ్మన్నాడని అందరి ముందూ నిలదీస్తా. మా నాన్నకి తెలిస్తే ఇచ్చేవాడే కాదని చెప్తా."

తనని ఎవరైనా తిట్టి ఉంటే తాళాలాయన తట్టుకునేవాడు. వెనకేసుకొచ్చేసరికి సిగ్గుతో చచ్చిపోయాడు. కంచం ముందు నుంచి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"వెళ్ళకమ్మా. నేనే ఇచ్చాను. బల్ల మీద ఉన్నది నేనే తుడిచేశాను."

కూతురు నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"ఏమిచ్చాడు ఆ తివాచీలాయన?"

"ఏమీ ఇవ్వలేదు."

"మరెందుకు నాన్నా?"

ఏదో ఒక అబద్ధం ఆడదామని చూశాడు. "మొదటి ఆట చూశాను కదమ్మా" అన్నాడు చివరికి.

ఆ పిల్ల కంచం పక్కకి జరిపింది. "డబ్బు తీసుకున్నానని చెప్పినా బాగుండేది" అని లేచి వెళ్ళిపోయింది. అలిగినప్పుడు తలుపు దడాల్న వేయడం దానికి అలవాటు. ఆ పూట చప్పుడు కాకుండా వేసుకుంది.

శనివారం తల్లీ కూతుళ్ళు టీముతో బస్సెక్కారు. తాళాలాయన్ని రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. హాలు తెరవడం ఆయన విధి, తెరిచాడు. రింగుల కింద తివాచీల చుట్టలు పేర్చారు. "ఇవాళ ఆట లేదా?" అని ఒకరిద్దరు అడిగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగనివాళ్ళ ముందు కూడా తల దించుకునే తిరిగాడు. ఫోను చూసే ధైర్యం లేక సొరుగులో పడేశాడు.

అమ్మకం ముగిసి, వ్యాపారి సరుకు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. తాళాలాయన నేల మీద నూలుపోగులు ఊడుస్తుండగా కూతురు వచ్చింది, బంతుల సంచీ కొట్టుగదిలో పెట్టడానికి. జుట్టు చెదిరిపోయి, కళ్ళు ఎర్రబడి, నడవలేక నడుస్తోంది. చూడగానే ఆయన చీపురు పడేసి ఎదురెళ్ళాడు.

"పోన్లేమ్మా, బాధపడకు. తప్పంతా నాది. మన హాల్లో అయ్యుంటే మీరే గెలిచేవాళ్ళు. వచ్చే ఏడు మళ్ళీ..."

ఆయన మాటలు ఆగేదాకా ఆ పిల్ల సంచీ భుజాన పెట్టుకుని అలాగే నిలబడింది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"గెలిచాం నాన్నా" అంది.

కోపంగా అని ఉంటే ఆయన బతికిపోయేవాడు. జాలిగా అంది.