ఒక్కపొద్దు టెస్టు

ఇది మృత్యువుతో తలపడిన ఒక తల్లి వీరగాథ. పద్దెనిమిది పర్వాలు. నిజానికి అంత లేదు. ఎస్.ఆర్. నగర్ నుంచి పంజాగుట్టకు మూడుసార్లు ఆటోలో పోయి వచ్చాం, అంతే.

మా పెద్దమ్మ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. తెలిసేసరికే ఆలస్యమైంది. అప్పటినుంచి అమ్మ ఆ జబ్బు పేరెత్తదు. టెస్టు చేయించుకొమ్మని నేను ఏడాదిగా పోరితే, చివరికి బేరం పెట్టింది.

"గా జబ్బు రాకుండ ఏసే టీకా నువ్వు ఏసుకో, నేను టెస్టు చేయించుకుంట."

సూదంటే నాకు భయమని ఆమె ధీమా. ఒప్పుకుని కొంప ముంచాను.

పంజాగుట్ట ఆసుపత్రిలో సూది వేస్తే నాకు చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. అరుపు మాత్రం మెట్ల దాకా వినిపించిందట. అమ్మ లోపలికెళ్ళి, నేను తేరుకునేలోపే బయటికొచ్చింది.

"అయిపోయిందా?"

"ఆఁ. మస్తు ఆకలైతుంది, జర ఇడ్లీ తినిపియ్యి."

పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. టెస్టంటే ఖాళీ కడుపే అని ఆమె లెక్క. బల్కంపేటలో బోనమెత్తే రోజున్నంత నిష్ఠ.

వారానికి ఆసుపత్రి నుంచి ఫోను. "అమ్మగారిని ఒకసారి తీసుకురండి. డాక్టరుగారు మాట్లాడతారంట."

అమ్మ ఏడవలేదు. స్టూలెక్కి అటక మీది సామాను దింపింది.

"గీ బోనం వండే ఇత్తడి గంజు నీకు. పట్టుచీర మీ పిన్నికియ్యి. ఇగ బోనం నువ్వే ఎత్తాలె."

"కుక్కరెవరికమ్మా?"

"మీ నాయినకు. గప్పుడన్న వంట నేర్చుకుంటడు."

ఇద్దరం నవ్వాం. గంజును మాత్రం నేను హాల్లోనే వదిలేశాను.

మర్నాడు డాక్టరమ్మ తాపీగా చెప్పింది. "కంగారేం లేదండి. తీసిన శాంపిల్‌లో చూడ్డానికి సరిపడా కణాలు రాలేదు. రెండు నెలలాగి మళ్ళీ తీద్దాం."

ఆ రెండు నెలలూ గంజు హాల్లోనే ఉంది. దాని పక్కనుంచి నడిచినప్పుడల్లా నేనేదో ఒక జోకు వేసేదాన్ని. ఒక్కటీ పేలలేదు.

నా రెండో డోసు రోజే అమ్మకు మళ్ళీ టెస్టు. ఈసారి నేను అరవలేదు. అమ్మ మళ్ళీ ఒక్కపొద్దే.

రిపోర్టు వచ్చిందని నర్సు ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాను. అంతా మామూలుగానే ఉందంది. అమ్మ కాసేపు గోడకానుకుని కూర్చుంది. తర్వాత గంజు వైపు చూసింది.

"గది అటక మీద పెట్టు. నీకిప్పుడే ఇయ్య."

పెట్టాను. అంత తేలిగ్గా నేనెప్పుడూ స్టూలెక్కలేదు.

ఫోన్లో నర్సు ఇంకా చెబుతూనే ఉంది: మళ్ళీ మూడేళ్ళకు రావాలి, టీకా వేసుకున్నా టెస్టు చేసే వయసొచ్చాక నాకూ తప్పదు, ఈ టెస్టుకు టిఫిన్ తినే రావచ్చు.