ఎడమకు తిప్పితే ఆగే బండి

మా బాపు నన్ను చిన్నప్పుడు ఒకే ఒక్కసారి మెచ్చుకున్నాడు. పోచంపల్లి దగ్గర మా ఊళ్లో ఇంకా మగ్గం ఆడుతున్న రోజులవి. అయిపోవచ్చిన పడుగుకు కొత్త పడుగు పోగులు అతుకుతుంటే, పక్కన కూర్చుని కాసేపు చూసి, "నీ అతుకు యాడున్నదో దొరుకుతలేదు రా" అన్నాడు. పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ జతగా పట్టి, వేళ్లకు బూడిద అద్దుకుని, ఒక్క మెలిక తిప్పి పక్కకు మడిచేయడం మా పద్ధతి. ముడి ఉండదు. తర్వాత మగ్గం విప్పేశాం. దిల్‌సుఖ్‌నగర్ వచ్చి చిన్న చీరల షాపు పెట్టుకున్నాం. గడ్డిఅన్నారంలో ఇల్లు కట్టుకున్నాం. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, జుట్టు పలచబడింది. రెండోసారి మెచ్చుకోలు మాత్రం రాలేదు.

అదే మనిషి, పై వాటాలో కిరాయికి దిగిన తెనాలి సారును రోజుకు మూడుసార్లు మెచ్చుకునేవాడు. సారు ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవాడు. నా వయసువాడే. దిగిన వారానికే, బాపు తన పాత టూ స్ట్రోక్ బండిని కిక్కు కొట్టీ కొట్టీ ఆయాసపడుతుంటే మెట్లు దిగి వచ్చాడు. "బాబాయి గారూ, ఒకసారి ప్లగ్ చూద్దామాండీ" అన్నాడు. విప్పాడు, మసి గీకాడు, బ్లేడు ముక్కతో సందు సరిచేశాడు, బిగించాడు. ఒక్క కిక్కుకు అందుకుంది. బాపు ఆ బండిని షాపు తెరిచిన ఏడు కొన్నాడు. నా చేతికి తాళం ఇవ్వడానికి నా పెళ్లయ్యేదాకా ఆగాడు. సారుకు ఆ సాయంత్రమే ఇచ్చాడు. 'బాబాయి గారు' అనే ఆ పిలుపు వింటే నాకు ఒళ్లు మండేది. మా బాపుకు అన్న కొడుకులు లేరు. ఈయనెక్కడి నుంచి ఊడిపడ్డాడు?

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. వారం తిరక్కుండానే బంద్. బంద్ అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లు దిగేవి, బస్సులు డిపోల్లో ఉండేవి, కోచింగ్ సెంటర్లకు తాళాలు పడేవి. షాపు లేని మేమూ, పాఠాలు లేని సారూ ఇంటిపట్టునే ఉండేవాళ్లం. బండి మెట్ల కింద ఉండేది, దాని పక్కన వాళ్లిద్దరూ ఉండేవాళ్లు. నేను కొంచెం ఎడంగా.

వాళ్లు తెలంగాణ గురించి కూడా వాదించుకునేవాళ్లు. "మా నీళ్లు మాకు, మా కొలువులు మాకు. గంతే సారూ" అనేవాడు బాపు.

"అడిగేది న్యాయమేనేమో బాబాయి గారూ. మరి నేనెక్కడికి పోవాలో అది కూడా చెప్పండి" అనేవాడు సారు.

"నువ్వు యాడికి పోతవ్? గా మెట్ల మీదికెళ్లి లేచి ఇంట్లకు రా, చాయ్ తాగు."

ఇద్దరూ నవ్వేవాళ్లు. అలా ఎదురు మాట నేను అంటే బాపు నవ్వడు, పేపరు మడిచి పక్కన పెడతాడు. అది నాకు బాగా తెలుసు.

ఆ ఏడు దసరాకు బండి కడిగి పూజకు సిద్ధం చేసే పని నాకు అప్పజెప్పాడు. టాంకు తీసి దాని కింద గుడ్డతో తుడుస్తుంటే, హ్యాండిల్ మెడ పక్క నుంచి వచ్చే సన్నటి తీగ ఒకటి నా వేలికి చిక్కి పుటుక్కుమని తెగింది. ఇంట్లో టేపు లేదు. పండగ పూట ఏ దుకాణమూ తీయలేదు. నా చేతికి తెలిసిన పని చేశాను. రెండు కొసలూ గీకి, జతగా పట్టి, పడుగు పోగులు అతికినట్టే మెలిపెట్టి పక్కకు మడిచాను. దాని మీద, మా షాపు నుంచి ఎప్పుడో తెచ్చిన మెరూన్ నూలు పోగు దగ్గర దగ్గరగా చుట్టి, గంజి పూసి ఆరబెట్టాను. నిజం చెప్తున్నా, ముచ్చటగా కుదిరింది. బాపుకు చూపిద్దామని బయటికి వస్తే ఆయన సారుతో ఇంజిన్ పాయింట్ల గురించి మాట్లాడుతున్నాడు. నా వైపు చూడనే లేదు. నేను టాంకు బిగించేశాను.

కొన్ని వారాలకు బండికి కొత్త రోగం పట్టుకుంది. స్టాండు మీద చక్కగా ఆడేది, రోడ్డెక్కితే ఉన్నట్టుండి ఆగిపోయేది. ఒకసారి మా సందు మలుపులో, ఇంకోసారి పండ్ల మార్కెట్ ముందు లారీల మధ్య దారి చూసుకుని తిప్పుతుంటే. పక్కకు తోసి కిక్కు కొడితే ఏమీ జరగనట్టు అందుకునేది. సారు పట్టుదలగా దిగాడు. ప్లగ్‌ను ఇంజిన్‌కు ఆనించి కిక్కు కొట్టి చూస్తే నీలం రంగు నిప్పు టక్కుటక్కుమని పడేది. అయినా ప్లగ్ మార్చాడు. పాయింట్లు అరగదీశాడు, కండెన్సర్ మార్చాడు, కాయిల్ మార్చాడు. బండి మారలేదు. నాకు లోపల్లోపల హాయిగా ఉండేది.

ఈ లోపల ఎల్బీనగర్ నుంచి బైక్ ర్యాలీ అన్నారు, ఆదివారం. బాపు తన బండి మీదే పోతానన్నాడు. మా కాలనీ వాళ్లు వెనక కూర్చోబెట్టుకుంటామన్నారు. "ఒకల ఎన్క కూసొని పోతే అది నా ర్యాలీ ఎట్లయితది?" అని కోప్పడ్డాడు. ఆయనకు అప్పటికే మోకాళ్ల నొప్పులు. ఇంకో ర్యాలీ దాకా బండి ఎక్కే ఓపిక ఉంటుందో లేదో ఆయనకే నమ్మకం లేదు. ర్యాలీకి వెళ్లే ఆ బండిని బాగుచేస్తున్నది ఒక తెనాలి మనిషి అని కాలనీ అంతా నవ్వుకుంది. బాపు పట్టించుకోలేదు.

గురువారం మళ్లీ బంద్. సారు బండిని స్టాండు వేసి ఆడిస్తున్నాడు, కిందికి వంగి శబ్దం వింటున్నాడు. హ్యాండిల్ పట్టుకుని నిలబడడం నా వంతు. ఊరికే నిలబడలేక హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పాను. ఇంజిన్ ఆగిపోయింది. గభాల్న నిటారుగా తిప్పేశాను. సారు తలెత్తేసరికి ఏమీ ఎరగనట్టు ఉన్నాను. నాకు మొత్తం అర్థమైపోయింది. దసరాకు నేను అతికింది, ఆ బండిలో తాళం తీసేస్తే ఇంజిన్‌ను ఆపే తీగ. బాడీకి తగిలితే చాలు, నిప్పు పోతుంది. నేను చుట్టిన నూలు మెడ దగ్గర రాపిడికి అరిగింది, హ్యాండిల్ ఎడమకు తిరిగినప్పుడల్లా నా అతుకు ఇనుముకు తగులుతోంది. తప్పు నాదే.

చెప్పలేదు. సారు మళ్లీ కండెన్సర్ విప్పుతుంటే కూర్చుని చూశాను. బాపు కళ్ల ముందు ఆయన ఓడిపోవాలి, నాకు అదొక్కటే కావాలి. అది చాలక శనివారం మధ్యాహ్నం బాపుకు అన్నం వడ్డిస్తూ ఇంకో మాట అన్నాను. "ఆయన ఆంధ్రాయన. నువ్వు ర్యాలీకి పోవుడు ఆయనకు ఎందుకు మంచిగనిపిస్తది? కావాల్ననే సతాయిస్తుండేమో."

బాపు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. సాయంత్రం ఒక్కడే పైకి వెళ్లాడు, వెంటనే దిగొచ్చాడు. చాయ్‌కి సారును పిలవలేదు. పైనుంచి ఎవరూ రాలేదు కూడా. అనుకున్నది అయింది. మరి మనసు ఎందుకు కుదుటపడలేదో నాకే తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే మెట్ల కింద చప్పుడైతే వెళ్లి చూశాను. సారు అప్పటికే టాంకు దించేశాడు. బ్యాటరీకి ఒక చిన్న బల్బు కట్టి, దాని కొసలు ఒకటి ఆ తీగకు, ఒకటి బాడీకి పెట్టి, హ్యాండిల్‌ను నెమ్మదిగా తిప్పుతున్నాడు. ఎడమ చివరికి రాగానే బల్బు వెలిగింది. నిటారు చేస్తే ఆరింది. వేళ్లతో తీగ వెంట వెతుక్కుంటూ పోయి మెరూన్ నూలు దగ్గర ఆగాడు. దాన్ని చూశాడు. నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను గానీ నేను నేల చూపులు చూశాను. అతుకు రెండు పక్కలా కత్తిరించి మెట్టు మీద పెట్టాడు. కొత్త తీగ వేసి, టేపు చుట్టి, తగలకుండా పక్కకు కట్టాడు.

బాపు గులాబీ కండువా వేసుకుని బయటికొచ్చాడు.

"మీ అబ్బాయే పట్టుకున్నాడండీ బాబాయి గారూ. హ్యాండిల్ ఎడమకు తిప్పితే ఆగుతోందని. నేనేదో తీగ మార్చానంతే" అన్నాడు సారు.

బాపు నా భుజం తట్టాడు. బండి ఒక్క కిక్కుకు అందుకుంది. సందు చివర ఎడమకు తిరిగింది, ఆగలేదు.

మధ్యాహ్నం ఒంటి నిండా గులాల్‌తో తిరిగొచ్చాడు. ఎల్బీనగర్ నుంచి ఎక్కడా ఆగలేదని నాలుగుసార్లు చెప్పాడు. మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుతుంటే చేతికి ఆ తీగ ముక్క తగిలింది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. గోటితో నూలు విప్పాడు.

"గిది ఎవలు అతికిన్రు?"

నేను బండి సీటు మీది గులాల్ దులపసాగాను.

"సారుకు పడుగు అతుకుడు రాదు గదా" అన్నాడు. మెలికను బొటనవేలితో నిమిరాడు. "మంచిగనే అతికినవ్. అతుకు యాడున్నదో దొరుకుతలేదు."

గొంతు పెంచకుండానే అన్నాడు. "నువ్వు అన్న మాట నిన్న పైకి పోయి సారునే అడిగిన. కావాల్ననే చేస్తున్నవా సారూ, మా వాడు గిట్లంటుండు అని. ఆయన ఏమనలే. పొద్దుగాల దిగొచ్చి బండి బాగ చేసిండు. గీ అతుకు నీదని తెల్సే, నువ్వే పట్టినవని నాకు జెప్పిండు."

తీగ ముక్క నా చేతిలో పెట్టి, రెయిలింగ్ పట్టుకుని, మోకాళ్లు కూడదీసుకుంటూ పైకి వెళ్లాడు. "సారూ, చాయ్" అని పిలవడం వినిపించింది.

సిగ్గుపడ్డాను, పడలేదనను. కానీ సిగ్గు కన్నా ముందు వచ్చింది మళ్లీ ఆ పాత కుళ్లే. ఆ మంచితనం కూడా ఆయనకే దక్కిందని. చిన్నప్పటి నుంచి ఎదురుచూసిన మెచ్చుకోలు చేతిలో ఉంది, ఇంట్లో ఎవరికీ చూపించుకోలేను. పైన ఇద్దరూ నవ్వుతున్నారు.