ఇంటి పెద్ద చెప్పాల్సిన మాట

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఎవరైనా పెద్ద జబ్బు నుంచి లేస్తే కృతజ్ఞత కూడిక పెట్టుకుంటారు. మేం వలస వచ్చి ఉంటున్న లింబాయత్‌లో మావన్నీ ఒంటిగది ఇళ్ళు. పదిహేను మంది కూర్చుంటే పదహారో మనిషి గుమ్మం బయటే ఉండాలి. అయినా పెడతారు. పాట, ప్రార్థన, బైబిలు వాక్యం, ఆ తరువాత బగారన్నం. పాట అయ్యాక ముందుగా ఇంటి పెద్ద లేచి, దేవుడు చేసిన మేలు తన నోటితో చెప్పాలి, ఆ వెనక వచ్చినవాళ్ళలో ఇష్టమైనవాళ్ళు.

ముప్పై ఏళ్ళుగా ఆ కూడికలకు వెళ్ళి అన్నం తిని వచ్చానే గానీ, నేను ఒక్కసారీ నోరు విప్పలేదు. కారణం ఉంది. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, రోజుకు పన్నెండు గంటల చొప్పున నలభై ఏళ్ళు నిలబడ్డాను. ఆ చప్పుడుకు రెండు చెవులూ పోయాయి. వయసులో ఉన్నప్పుడే, చెవుల్లో పెట్టుకోవడానికి ఇంత దూది ఇప్పించమని అడిగాను. మగ్గాల యజమాని సేఠ్ నవ్వి, పని చూసుకొమ్మని సాంచ వైపు చెయ్యి చూపించాడు. ఆ నవ్వు నిన్న చూసినట్టుంది నాకు. బడి మొహం చూడలేదు. ఊరి నుంచి వచ్చేవాళ్ళు తెచ్చిన పాత పేపర్లు ముందేసుకొని నాకు నేనే అక్షరాలు నేర్చుకున్నాను. అలా కష్టపడి వాక్యం చదివినవాణ్ణి, దేవుడి ముందు అబద్ధం ఎలా ఆడను? కూడికలో అందరూ చెప్పినట్టు అన్నిటికీ వందనాలంటే ఆ నవ్వుకు కూడా వందనాలు చెప్పినట్టే కదా! ఇదీ నా వాదన.

పోయిన ఎండాకాలం నా భార్యకు పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ చేశారు. చేర్చుకునే రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆమెను బెంచీ మీదే కూర్చోబెట్టారు. నేను వార్డంతా అదిరేలా అరిచాక గానీ మంచం దొరకలేదు. కోలుకొని ఇంటికి వచ్చాక ఆమె కూడిక మాట ఎత్తింది.

"ఈసారన్న లేచి రెండు ముక్కలు చెప్పయ్యా. నాకింకేం వద్దు."

"ఏమని చెప్పాలె? ఆటో తెచ్చింది నేను. మంచం కోసం కొట్లాడింది నేను."

"గట్లయితే నీకు నువ్వే దండం పెట్టుకో పో! నేను బతికిన్నా లేదా? గది చెప్పు, చాలు."

ఆమె మళ్ళీ అడగలేదు. అడిగితే వాదించేవాణ్ణి. ఊరుకున్న మనిషితో ఏం వాదిస్తాం?

ఆదివారం మధ్యాహ్నం అందరూ వచ్చారు. పాట అయ్యాక పాస్టరుగారు నా వైపు చెయ్యి చాపారు. నేను తల అడ్డంగా ఊపాను. హజీరా కంపెనీలో పనిచేసే ఇంజనీరు తన భార్య వైపు వంగి, "ఈయన మారడండీ బాబూ," అన్నాడు. నాకు వినపడలేదు, కనపడింది. మగ్గాల మధ్య బతికినవాళ్ళకు పెదాలు చదవడం వస్తుంది. ఆ మోతలో మాట్లాడుకోవడానికి వేరే దారి లేదు.

పాస్టరుగారు నన్ను వదిలేసి, అందరినీ కళ్ళు మూసుకొని ప్రార్థించమన్నారు. నేను మూసుకోను. ఒకసారి మూసుకుంటే 'ఆమెన్' వినపడక, తెరిచేసరికి పక్కవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చొని ఉన్నారు.

ఎదురుగా నా భార్య పెదాలు కదులుతున్నాయి. చూడాలని చూడలేదు.

"ప్రభువా, ఈ మనిషి కొట్లాడకపోతే నాకు మంచం దొరకకపోతుండె. ఈయన కోపానికి స్తోత్రం. ఈయన చెవులు పోయినందుకైతే నేను స్తోత్రం చెప్ప. అది నువ్వే చూసుకో. ఇయ్యాల ఈయన చెప్పకున్నా మనసుల పెట్టుకోకు. ఈయన వంతు నేనే చెప్తున్న."

నాకు మొదట వచ్చింది కోపమే. నా వంతు ఇంకొకరు చెప్పడమేమిటి? ఆ వెనకే సిగ్గేసింది. మేలునూ అన్యాయాన్నీ ఒకే మూటగా కట్టి ముప్పై ఏళ్ళు మోశాను. అక్షరం రాని మనిషి, నూలు కండెలు చుట్టేటప్పుడు తెగిన పోగును పక్కకు తీసినట్టు, ఆ రెంటినీ ఎంత తేలిగ్గా విడదీసింది!

ప్రార్థన మధ్యలోనే లేచాను.

"ఈమె బతికింది! దేవునికి స్తోత్రం! సేఠ్‌ను మాఫ్ చేసుడు నాకింకా చేతనైతలేదు. అది వేరే ముచ్చట!"

సాంచాల దగ్గర అరిచే గొంతే నాకున్నది. అందరూ ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. గుమ్మం బయటివాళ్ళు లోపలికి తొంగి చూశారు. పాస్టరుగారు చెప్పబోయిందేదో మింగి, 'ఆమెన్' అన్నారు. నా భార్య కళ్ళు తుడుచుకుంటూనే తగులుకుంది.

"గంత గనం ఒర్లుతవేందయ్యా! దేవునికి మంచిగనే వినవడ్తది. చెవుడు నీకు!"

అందరూ వెళ్ళాక, ఆమె ప్రార్థన చదివేశానని ఒప్పుకున్నాను. ఆమె మొహం ఎర్రబడింది.

"దొంగ ముసలోడా! ప్రార్థన గిట్ల చూస్తరా ఎవరన్న?"

అప్పటి నుంచి ప్రార్థనకు కూర్చున్నప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. నా వంతు చెబుతోందో లేదో తెలుసుకునే దారి లేదు. అందుకని రోజూ నేనే చెప్పుకుంటున్నాను. కొన్ని రోజులు ఏమీ తోచదు, కూర్చొని వెతుక్కుంటాను. నిన్న ఆమె కూరగాయల సంచి బజారు నుంచి తనే మోసుకొచ్చింది. అంత బలం వచ్చినందుకు స్తోత్రం చెప్పాను. నన్ను పిలవనందుకు ఆమెను తిట్టాను కూడా.